బస్సు దిగకుండా వెళ్లిపోయే ఊరు: కర్నూలు

హైదరాబాద్, బెంగళూరు మధ్య తిరిగే తెలుగువాళ్లలో కర్నూలు పేరు తెలియనివాళ్లు ఉండరు. అయినా ఆ ఊళ్లో దిగినవాళ్లు చాలా తక్కువ. 44వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. రాత్రి బస్సు తుంగభద్ర వంతెన దాటే వేళకి అందరూ నిద్రలో ఉంటారు. పగలు కారులో వెళ్లేవాళ్లు టిఫిన్‌కి ఆగి, కాఫీ తాగి మళ్లీ ఎక్కేస్తారు. మంత్రాలయం, అహోబిలం, యాగంటి వెళ్లేవాళ్లకైతే అది బస్సు మారే ఊరు. కర్నూలు చూడ్డానికే కర్నూలు వచ్చామని చెప్పిన మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు.

నాకు మాత్రం అక్కడ నా వాళ్లున్నారు. చిన్నమ్మ వాళ్లు సి.క్యాంప్‌లో ఉంటారు. డిగ్రీలో నాతో హాస్టల్ గది పంచుకున్న స్నేహితురాలిది పాతబస్తీ. పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ వెళ్లినప్పుడల్లా ఇంట్లోంచి ఫంక్షన్ హాలుకి, హాల్లోంచి స్టేషన్‌కి వెళ్లడమే సరిపోయేది. ఈసారి సంక్రాంతి దాటాక, చిన్నమ్మకి మోకాలి ఆపరేషన్ అయిందని చూడ్డానికి బయల్దేరాను. సెలవు కాస్త ఎక్కువే దొరికింది.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి కర్నూలు సిటీ స్టేషన్. బస్సు కంటే నాకు ఈ రైలే ఇష్టం. గద్వాల దాటాక నల్లరేగడి చేలు, పొగాకు, మిరప, ఆ తర్వాత నది. వంతెన మీద రైలు మెల్లగా పోయింది. నదిలో సగం నీళ్లు, సగం బండలు. ఇవతలి ఒడ్డు తెలంగాణ, అవతలి ఒడ్డు ఆంధ్ర. వంతెన దిగీదిగగానే ఊరు.

చేరిన రోజే ఇంట్లో అందరితో ఒక మాట చెప్పేశాను. "నాకోసం ప్రత్యేకంగా కారు మాట్లాడి టూరు పెట్టొద్దు. మీలో ఎవరు రోజూ ఎక్కడికి వెళ్తారో అక్కడికే నన్ను తీసుకెళ్లండి. పొద్దున బయట తిరుగుతాను, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాను." ఆ రెండో మాట చాలా పనికొచ్చింది. చుట్టాలింటికి వెళ్లినప్పుడు ఊరు తిరుగుతానంటే పెద్దవాళ్లకి మనసులో ఎక్కడో చివుక్కుమంటుంది, మమ్మల్ని చూడ్డానికి వచ్చిందా ఊరు చూడ్డానికి వచ్చిందా అని. భోజనం వేళకి పక్కన కూర్చుంటానని ముందే చెబితే ఆ మాటే రాదు. చిన్నమ్మ మాత్రం ఆశ్చర్యపోయింది. "ఈడ సూసేదేముంది పాపా? బురుజుంది, అంతే కదా" అంది. ఇల్లు ఉన్న ఊరి గురించి అందరూ ఇలాగే అంటారేమో.

మొదటి వంతు చిన్నాయనది. ఆయన ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే కేసీ కెనాల్ గట్టు మీద నడుస్తాడు. కేసీ అంటే కర్నూలు–కడప. ఊరికి ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని, సుమారు 300 కిలోమీటర్లు పారి కడప దాకా పోయే కాలువ. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తవ్వించింది. పొలాలకి నీళ్లమ్మి, పడవలు నడిపి లాభాలు చేసుకోవాలని వాళ్ల లెక్క. కానీ జొన్నా కొర్రా పండించుకునే మెట్ట రైతు అప్పటికప్పుడు డబ్బు కట్టి నీళ్లు ఎందుకు కొంటాడు? కంపెనీకి నష్టమే మిగిలింది. 1882లో ప్రభుత్వం ఆ కాలువని కొనేసింది.

ఇదంతా చిన్నాయన నడుస్తూనే చెప్పాడు. నిజానికి ఆయన నన్ను తీసుకెళ్లాలనుకున్నది కాలువ హంద్రీని దాటే చోటుకి. కింద హంద్రీ నది అడ్డంగా పోతుంటుంది, దాని నెత్తి మీద తొట్టె కట్టి కాలువని అవతలికి దాటించారు. కింద ఏరు, పైన కాలువ. జనవరి కాబట్టి హంద్రీలో నీళ్లు పెద్దగా లేవు, ఉన్నవి కూడా మురుగే. పైన కాలువ మాత్రం నిండుగా, చప్పుడు లేకుండా కదులుతోంది. "ఏటి మీద ఇంకో ఏరు ఎక్కించినారు సూడు పాపా, నూటాయాభై ఏండ్ల కింద" అన్నాడు. ఆ గొంతులో ఉన్న గర్వం తను కట్టినదాని గురించి చెబుతున్నట్టే ఉంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ కాలువ నీళ్ల లెక్కలు చూసిన మనిషి, ఆయనకి ఆ హక్కు ఉంది.

ఊళ్లోకి వచ్చాక మాత్రం గట్టు పొడవునా చెత్త. ప్లాస్టిక్ కవర్లు, పూల దండలు, పాత పరుపు ముక్కలు. చూస్తే బాధేస్తుంది. ఏటా వినాయక నిమజ్జనం జరిగేది ఈ కాలువలోనే, వినాయక ఘాట్ దగ్గర. ఏడాదికొకసారి ఊరంతా కదిలొచ్చి హారతులిచ్చే నీళ్లు మిగతా రోజుల్లో ఎవరికీ పట్టవు.

తిరిగొచ్చేటప్పుడు బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. రాయలసీమ టిఫిన్ అంటే నాకు ఇదే. బొరుగులు నీళ్లలో తడిపి గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. తేలిగ్గా ఉంటుంది, పక్కన బజ్జీ మాత్రం కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. రెండూ కలిపి తినాలి, విడివిడిగా తింటే ఆ రుచి రాదు.

సి.క్యాంప్ గురించి ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది. కర్నూల్లో ఎ.క్యాంప్, బి.క్యాంప్, సి.క్యాంప్ అని పేటలున్నాయి. ఇవన్నీ రాజధాని నాటివి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలు. ప్రకాశం పంతులు మొదటి ముఖ్యమంత్రి. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకి రావాలి. అలా రాజధాని ఇక్కడికి, హైకోర్టు గుంటూరుకి వెళ్లాయి. ఈ మాటలు మనం పరీక్షల కోసం చదువుకున్నవే. కానీ చిన్నాయన వాళ్ల నాన్న అప్పుడు మద్రాసు ఆఫీసులో గుమస్తా. ఫైళ్లతో పాటు ఆయన్నీ కర్నూలు పంపారు. కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి, ఉద్యోగులూ గుడారాల్లోనే ఉన్నారు. మద్రాసు సముద్రపు గాలికి అలవాటుపడ్డవాళ్లు కర్నూలు ఎండల్లో గుడ్డ కప్పు కింద కాగితాలు రాశారు. గాలివాన వచ్చిన ఒక రాత్రి తాత గుడారం తాళ్లు పట్టుకుని తెల్లవార్లూ నిలబడ్డాడట, లోపలి ఫైళ్లు తడవకూడదని. మూడేళ్లు తిరిగేసరికి, 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాద్ వెళ్లిపోయింది. చాలామంది ఉద్యోగులూ వెళ్లిపోయారు. తాత వెళ్లలేదు.

"ఎందుకెళ్లలేదు?" అని అడిగాను.

"ఆ గుడారంలోనే మా అక్క పుట్టిండె. ఇంగ ఈ ఊరిడిసి యాడికిపోతాం అన్న్యాడంట" అన్నాడు చిన్నాయన, రొట్టె తుంచుతూ. ఆ మాటని ఆయన ఎంత మామూలుగా చెప్పాడో, నేను అంత మామూలుగా వినలేకపోయాను. ఈ ఇంటికి చిన్నప్పటి నుంచి వస్తున్నాను. ఈ కథ నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒక సాయంత్రం వదినతో మార్కెట్‌కి వెళ్లాను. ఉల్లిపాయలకి ఆంధ్రలో పెద్ద మార్కెట్ కర్నూలే. యార్డు వైపు వెళ్తే వాసన ముందే తగులుతుంది. వదిన స్కూల్లో సోషల్ చెబుతుంది. ఉల్లి ధర పడిపోయిన ఏడాది తన క్లాసులో పిల్లల హాజరు ఎలా తగ్గుతుందో చెప్పింది. అమ్మానాన్నలతో పాటు పనికి వలసపోతారట. కర్నూలు సోనా బియ్యం గురించి మనకి తెలుసు కానీ, అదే జిల్లాలో పడమటి వైపు ఊళ్లు ఖాళీ అవుతాయన్నది అంతగా తెలియదు.

పాతబస్తీ నా స్నేహితురాలిది. పొద్దున్నే కొండారెడ్డి బురుజు దగ్గర కలుసుకున్నాం. ఊరి నడిబొడ్డున, ఆటోల హారన్ల మధ్య నిలబడి ఉంటుంది ఆ బురుజు. విజయనగర రాజుల కాలంలో కట్టిన కోటలో మిగిలిన భాగం. సినిమాల పుణ్యమా అని అందరికీ బొమ్మగా తెలుసు. కానీ దగ్గరికెళ్లి రాళ్లని చూడండి. ఎంత పెద్ద రాళ్లు, ఎంత దగ్గరగా పేర్చారు! కర్నూలు నవాబు అలంపురం పాలకుడు కొండారెడ్డిని ఇందులో బంధించాడని, అందుకే ఆ పేరొచ్చిందని అంటారు. ఇక్కడి నుంచి నది కిందుగా గద్వాల దాకా సొరంగం ఉందని ఊళ్లో ప్రతి ఒక్కరూ చెబుతారు. నా స్నేహితురాలు కూడా చెప్పింది, చిన్నప్పుడు ఆ సొరంగంలోకి వెళ్లి వచ్చామని గొప్పలు పోయిన అబ్బాయిల కథలతో సహా. కోటకి చెందిన మరో బురుజు, ఎర్రబురుజు, నది వైపు ఉంది. పెద్ద బురుజు చూసి వెనక్కి తిరక్కుండా అటు నడిచి వెళ్లమని నా మాట. సందుల్లోంచి వెళ్తే కోట ఒకప్పుడు ఎంత దూరం ఉండేదో కాళ్లకి తెలుస్తుంది.

ఆ సందుల్లో తెలుగు, ఉర్దూ ఒకే వాక్యంలో కలిసి వినబడతాయి. చాయ్ కొట్టు దగ్గర ఒక పెద్దాయన ఉర్దూలో మొదలుపెట్టి, ధర దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగి, మళ్లీ ఉర్దూలో ముగించాడు. ఎవరూ తల తిప్పి చూడలేదు. 1947లో పెట్టిన ఉస్మానియా కాలేజీ ఈ ఊరిదే, మా స్నేహితురాలి నాన్నగారు అందులోనే చదివారు.

వాళ్లింటికి దగ్గర్లోనే హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి. గోల్ గుమ్మజ్ అంటారు. 17వ శతాబ్దంలో బీజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలుని ఏలిన మనిషి ఆయన. రెండు గుమ్మటాలు, వాటి చుట్టూ కమానుల వసారా. మేం వెళ్లినప్పుడు వసారాలో ఇద్దరు పిల్లలు పుస్తకాలు పెట్టుకుని చదువుకుంటున్నారు. టికెట్టు లేదు, గైడు లేడు, తొందరపెట్టేవాళ్లు లేరు. బీజాపూర్ దాకా వెళ్లి చూసేవాళ్లున్నారు, ఇది ఊళ్లోనే ఉంది.

నవాబుల కథ చివర ఎలా ముగిసిందో స్నేహితురాలి నాన్నగారు చెప్పారు. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని 1839లో ఇంగ్లీషువాళ్లు సైన్యంతో వచ్చి రాజ్యం లాక్కున్నారు. ఆయన్ని తిరుచిరాపల్లి పంపారు. మరుసటి ఏడాదే అక్కడ హత్యకి గురయ్యాడు. అంకుల్ ఇదంతా నెమ్మదిగా, ఎవరినీ తిట్టకుండా చెప్పారు.

ఆ ఇంట్లోనే నేను మర్చిపోలేనిది ఒకటి చూశాను. హాల్లో గోడ మీద, నా తలకంటే పైన, పెన్సిలుతో గీసిన గీత. పక్కన తారీఖు, 2-10-2009. ఇంటికి ఎన్నిసార్లు సున్నం వేయించినా ఆ గీత మీద మళ్లీ గీత గీస్తారట. ఆ రాత్రి తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్లోకి వచ్చాయి. అదే సమయంలో కృష్ణా వరద శ్రీశైలం డ్యామ్‌ని ముంచెత్తింది. 19 లక్షల క్యూసెక్కుల కోసం కట్టిన డ్యామ్‌కి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. కింద నిండిపోతే పైనుంచి వచ్చే నీళ్లు ఎక్కడికి పోతాయి? కర్నూలు మునిగింది. స్నేహితురాలు వాళ్లు మేడ మీద, ఇరుగుపొరుగు కుటుంబాలతో కలిసి, తడిసిన బట్టలతో కూర్చున్నారు. "అమ్మీ అప్పుడు డబ్బాలో ఉన్న బొరుగులు అందరికీ పంచింది, గుప్పెడు గుప్పెడు" అని చెప్పింది. పక్క మేడ మీద ఉన్నవాళ్లు చీరలు ముడేసి తాడు చేసి నీళ్ల సీసాలు పంపారట. ఆ కబురు టీవీలో నేను హైదరాబాద్‌లో కూర్చుని చూశాను. ఫోన్లు కలవక టెన్షన్‌తో ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకు గుర్తుంది. కానీ ఆ గీత పక్కన నిలబడి, చెయ్యెత్తితే గానీ అందని ఎత్తుని చూస్తే తప్ప అది ఎంత నీళ్లో నాకు అర్థం కాలేదు.

మరునాడు ఇద్దరం అలంపురం వెళ్లాం. నది దాటి పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ. రాష్ట్రం వేరు, జోగులాంబ గద్వాల జిల్లా. కానీ కర్నూలు జనానికి అది పక్క పేట కిందే లెక్క. జోగులాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. ఇప్పుడున్న అమ్మవారి గుడి 2005లో కట్టిన కొత్తది. చాలామంది అక్కడ దర్శనం చేసుకుని వెనక్కి వచ్చేస్తారు. అసలు చూడాల్సినవి పక్కనున్న నవబ్రహ్మ ఆలయాలు. ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టినవి. పేర్లన్నీ బ్రహ్మతో ముగుస్తాయి గానీ అన్నిట్లో ఉన్నది శివుడే. మన వైపు గుడి గోపురాల్లా మెట్లుమెట్లుగా ఉండవు. ఒంపు తిరిగి పైకి లేచి, నెత్తిన ఉసిరికాయ ఆకారంలో రాయి. ఒడిశాలోనో మధ్యప్రదేశ్‌లోనో కనబడే శిఖరాలు తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. స్వర్గబ్రహ్మ ఆలయం దగ్గర ఎక్కువసేపు ఉండండి. మూలల్లో దిక్పాలకులు, గోడల్లో శిల్పాలు, రాతిలో జల్లెడలా తొలిచిన కిటికీలు. సాయంత్రం నాలుగు దాటాక ఎండ పక్కవాటుగా పడుతుంది, అప్పుడు శిల్పాలు బాగా కనబడతాయి. మధ్యాహ్నం వెళ్తే కళ్లు చిట్లించుకోవడమే.

ఆలయాలకీ నదికీ మధ్య ఎత్తయిన గోడ ఉంది. శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లు ఇక్కడిదాకా తన్నుకొస్తాయని కట్టారు. గోడ ఎక్కి చూస్తే నది, ఇటు తిరిగితే పదమూడు వందల ఏళ్ల నాటి శిఖరాలు. అన్నిటికీ గోడ కట్టే వీలు లేదు కదా. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, నంబర్లు వేసి తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఊరి చివర ఉంది, జనం లేరు. మేం అరగంట కూర్చున్నాం.

చిన్నమ్మ వంతు చివర్లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఇంటి గేటు దాటలేదు. కారు పైదాకా పోతుంది కాబట్టి జగన్నాథగట్టుకి పోదామంది. ఊరి బయట గుట్ట అది, పైన శివాలయం. అక్కడి రూపాల సంగమేశ్వరాలయం కూడా ముంపు నుంచి తెచ్చి కట్టినదే. చిన్నమ్మ కర్ర ఊతంతో నెమ్మదిగా గుడిచుట్టూ నడిచింది, నేను పక్కనే. గుట్ట మీద నుంచి ఊరంతా కనబడుతుంది. బురుజు ఎటు, కాలువ ఎటు, మా స్నేహితురాలి ఇల్లు ఎటువైపు అని ఈసారి నేను చూపిస్తుంటే చిన్నమ్మ వింది. హంద్రీ మీద కాలువ దాటే చోటు ఆవిడ ఇంతవరకూ చూడలేదట. "నలభై ఏండ్లాయె ఈ ఊరికొచ్చి, ఈయన ఒక్కపారన్నా పిల్సుకపోలే" అంది. మోకాలు కుదుటపడ్డాక తీసుకెళ్లాలని చిన్నాయన దగ్గర అక్కడే మాట తీసుకున్నాం.

నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాళ్లు కూడా చూశాం. వింత వింత ఆకారాల శిలలు, మధ్యలో చెరువు. పిల్లలుంటే తప్పకుండా వెళ్లొచ్చు. నా మనసు మాత్రం అప్పటికే నదుల వైపు పోయింది.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ భరించలేరు, నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఊళ్లో ఆటోలతో పని అయిపోతుంది, అలంపురానికి సొంత బండి ఉంటే సాయంత్రం దాకా ఆగొచ్చు. ఊళ్లో మీకు తెలిసినవాళ్లు ఒక్కరున్నా ముందు వాళ్లింటికి వెళ్లి కూర్చోండి, వాళ్ల పెద్దవాళ్లని మాట్లాడించండి.

నాకు ఒకటి మిగిలిపోయింది, సంగమేశ్వరం. ఏడు నదులు కలిసే చోటని పేరు. అక్కడి గుడిలో ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పే వేపకొయ్య లింగం ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం శ్రీశైలం నీళ్లలోనే మునిగి ఉంటుంది, డ్యామ్‌లో మట్టం తగ్గాకే గుడి బయటపడుతుంది. అందుకు ఎండాకాలమే దారి, వేరే వీలు లేదు. చిన్నాయన రోజూ పేపర్లో శ్రీశైలం నీటిమట్టం చూస్తూనే ఉంటాడు. శిఖరం కనబడిందని తెలియగానే ఫోన్ చేస్తానన్నాడు. స్నేహితురాలు కూడా వస్తానంది. ఈసారి చిన్నమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాలని ఇప్పటికే మాట్లాడుకున్నాం.